మా ఖాలా థెరపీకి వెళ్ళింది

మన ఇళ్ళల్లో షుగర్ వస్తే పక్కింటివాళ్ళకీ చెప్తాం. కిడ్నీ చెడితే మంచి డాక్టరెవరో పదిమందిని అడుగుతాం. దిల్ బాగాలేకపోతే మాత్రం తలుపు గొళ్ళెం పెట్టుకుంటాం. "సబర్ కరో" అంటాం. మరీ ముదిరితే నజర్ తీస్తాం, దర్గాకి తీసుకెళ్ళి తావీజ్ కట్టిస్తాం. అవి చేయొద్దని నేను రాయడం లేదు. అన్నీ అయ్యాక కూడా నిద్రపట్టని మనిషి ఎక్కడికి వెళ్ళాలి, వెళితే అక్కడేం జరుగుతుంది అనేది చెప్పాలనే రాస్తున్నాను. ఏం జరుగుతుందో తెలియని గదిలోకి వెళ్ళాలంటే ఎవరికైనా ఖౌఫే.

మా ఖాలాది నౌపడ. ఉప్పు మడులు, గుణుపురం రైలు విడిపోయే జంక్షన్, బయటివాళ్ళకి ఆ ఊరంటే అంతే. ఉద్దానం వైపు చాలా ఇళ్ళలాగే వాళ్ళింట్లోనూ కిడ్నీ జబ్బు చేరింది. ఈ జబ్బు ఇక్కడే ఇంతగా ఎందుకు వస్తోందో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. ఖాలూకి ఇప్పుడు డయాలసిస్. ఆయనకి మంచం ఉంది, మెషీన్ ఉంది, నర్సు ఉంది. పక్కన కూర్చునే ఖాలాకి ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉంది.

ఆ కుర్చీలోనే ఆమెకి జబ్బు మొదలైంది. అర్ధరాత్రి లేచి ఊపిరాడటం లేదనేది. అన్నం రుచి పోయింది. నమాజులో ఎన్ని రకాతులైనాయో మర్చిపోయేది. గాలి కాస్త గట్టిగా వీస్తే వణికేది. 2018 అక్టోబర్ 11న సీతాకోకచిలుక పేరు పెట్టుకొచ్చిన తిత్లీ తుఫాను ఆ తీరంలో జీడి, కొబ్బరి తోటల్ని కూల్చింది కదా, ఆ గాలి చప్పుడు ఆమె చెవుల్లోంచి పోలేదు. ఈసీజీ తీస్తే బాగానే ఉంది. డాక్టరు కౌన్సిలింగ్ మాట ఎత్తగానే ఖాలా నావైపు చూసి, "మై పాగల్ హూఁ క్యా బేటా?" అంది.

ఆ సవాల్‌కి జవాబు ముందే తెలిసి ఉండాలి. పాగల్‌పన్‌కీ థెరపీకీ సంబంధం లేదు. సైకియాట్రిస్టు అంటే మందులు రాసే డాక్టరు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, మాటలతోనే ఇలాజ్ చేస్తారు. కొందరికి ఇద్దరూ కావాలి, కొందరికి ఒక్కరు చాలు.

విశాఖలో ఒక సైకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్ళాను. నేనూ లోపలికి వెళ్ళబోతుంటే, "మీరు కాసేపు బయట కూర్చోండి" అన్నారామె. లోపల జరిగింది తర్వాత ఖాలా చెప్పిందే. ఆమె ఇజాజత్‌తోనే రాస్తున్నాను.

మొదటి రోజు సలహాలేమీ ఉండవు. సవాళ్ళే ఎక్కువ. ఎప్పట్నించి ఇలా ఉంది, నిద్ర ఎలా ఉంది, ఇంట్లో ఎవరెవరున్నారు, ఏ మందులు వాడుతున్నారు. చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా అని కూడా సూటిగా అడుగుతారు. ఆ మాట అడిగినంత మాత్రాన లేని ఖయాల్ పుట్టదు, ఉన్నది బయటికొస్తుంది. ఖాలా ఏం జవాబిచ్చిందో నేను అడగలేదు.

జబాన్ దగ్గర మాత్రం ఖాలా తడబడింది. బజారులో చేపల బేరానికి ఆమె తెలుగు చాలు, గమ్ మాత్రం ఆమెకి ఉర్దూలోనే ఉంది. చివరికి "దిల్ గభ్రాతా" అంది. "గాభరాగా ఉంటుందా అమ్మా?" అన్నారు మేడమ్. తెలుగువాళ్ళ గాభరా మన గభ్రాహట్‌కి చుట్టమే కదా! అక్కణ్ణించి రెండు భాషలూ కలిపి మాట్లాడుకున్నారట. మీ మాట అందకపోతే వేరే వాళ్ళని వెతుక్కోవచ్చు. ఆడవాళ్ళే కావాలని అడగొచ్చు. అది మీ హఖ్.

చెప్పింది అమానత్‌గా ఉంటుందా అన్నది మనకి పెద్ద ఫికర్. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆ గోప్యతని హక్కుగా ఇచ్చింది. ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. అవేంటో మొదటి రోజే అడిగి తెలుసుకోండి.

మామూలుగా ఒక్కో విడత ముప్పావు గంట, వారానికోసారి. మొదట్లో ఇంకా బరువుగా అనిపించొచ్చు. రెండోసారి వెళ్ళొచ్చాక ఖాలా రాత్రంతా ఏడ్చింది, "ఇంక వెళ్ళను" అంది. మూడోసారి ఆ మాటే మేడమ్‌కి చెప్పింది. అక్కడ అదీ చెప్పుకోవచ్చు. ఇంటికి చిన్న చిన్న పనులిస్తారు: గాభరా ఎప్పుడొచ్చింది, అప్పుడు మనసులో ఏముంది, రాసుకోమంటారు. ఖాలా పాత డయాలసిస్ రసీదుల వెనక ఉర్దూలో రాసుకుంది. ఖాలూ జబ్బు తగ్గలేదు, తగ్గదు కూడా. కానీ వారంలో ఒక పూట ఆ కుర్చీలో తన బదులు కొడుకుని కూర్చోమని మొదటిసారి నోరు తెరిచి అడిగింది.

సబర్ అంటే మౌనం అని మనకెవరు చెప్పారో తెలీదు. సబర్‌కి మిసాల్‌గా చెప్పుకునే యాఖూబ్ అలైహిస్సలామ్ యూసుఫ్ కోసం కళ్ళు తెల్లబడేదాకా ఏడ్చారని ఖురాన్‌లోనే ఉంది. 934లో చనిపోయిన అబూ జైద్ అల్ బల్ఖీ శరీరం జబ్బులతో పాటు మనసు జబ్బులకీ ఇలాజ్ చెప్తూ కితాబే రాశారు. మనకిది పరాయి ఇల్మ్ కాదు.

తావీజ్ కట్టుకున్నా దాచకండి, థెరపిస్టుకి చెప్పండి. మందులు వాడుతుంటే రమ్‌జాన్‌కి ముందే డాక్టర్ని అడిగి వేళలు మార్చుకోండి, సొంతంగా ఆపకండి. విశాఖ దూరమైతే, చేతిలో పైసలు లేకపోతే 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్, పైసా ఖర్చు లేదు, రాత్రీపగలూ తెలుగులో మాట్లాడతారు.

ఇంట్లోవాళ్ళకి ఒక్క మాట. వెళ్ళొచ్చిన మనిషిని "ఏం అడిగారు? మా గురించి ఏం చెప్పావ్?" అని అడగకండి. చాయ్ పెట్టివ్వండి. చెప్పాలనిపిస్తే తనే చెప్తుంది.