నాగార్జునకొండలో ఒక రోజు

నాగార్జునకొండ చూడబోయేవారు ఇప్పుడు లాంచీ ఎక్కుతారు. చుట్టూ నీళ్ళు, మధ్యన దీవిలా కొండ, కొండమీద మ్యూజియం. పిల్లలు మొసలి కనిపిస్తుందేమోనని నీళ్ళలోకి తొంగి చూస్తారు. నేనూ తొంగి చూస్తాను. కాని మొసలి కోసం కాదు. ఆ నీళ్ళ అడుగున ఎక్కడో నేను పనిచేసిన ట్రెంచి వుంది.

అది 1959 ఫిబ్రవరి. నాకు 19 ఏళ్ళు. మాచర్ల దాకా రైలు, అక్కడినుంచి కొండల మధ్య రోడ్డు. లోయకు ఒకవైపు కృష్ణ, తక్కినవైపులంతా నల్లమల కొండలు. 1700 ఏళ్ళ కిందట అక్కడే ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వుండేది. 1926లో ఆ శిథిలాలు లోకానికి తెలిశాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. ఆనకట్ట లేస్తే లోయ మునుగుతుంది. అంచేత 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యాన, వందకు పైగా చోట్ల తవ్వారు. నీళ్ళు వచ్చేలోగా చూడగలిగినంత చూడాలి, చూసినదంతా రాయాలి.

నాకు అప్పగించిన ట్రెంచి కోటగోడకు అవతల, జనం కాపురాలున్న చోట. తెల్లవారకముందే పని మొదలు. పల్నాటి ఎండ సంగతి చెప్పాలా! చిన్న గునపాలతో ఇద్దరు తవ్వేవాళ్ళు, జల్లెడ పట్టే కుర్రాడు ఒకడు, మట్టి మోసే లంబాడీ అవ్వ ఒకతె. తవ్వకమంటే పారతో ఎడాపెడా తోడెయ్యడం అనుకునేరు! నేలమీద చతురస్రాలు గీసి, నడుమ గట్లు వదిలి, ఒక్కొక్క పొరనే ఒలుచుకుంటూ దిగాలి. ఆ గట్టు నిట్టనిలువు గోడమీద పొరలన్నీ కనిపిస్తాయి. మా ట్రెంచిలో పైన నల్లమట్టి, దానికింద ఇటుక ముక్కలు, ఆ కింద బూడిద కలిసిన మన్ను, దానికింద సున్నపు గచ్చు. పైనుంచి ఒకటి, రెండు, మూడు అని అంకె వెయ్యాలి. వస్తువు ఏది దొరికినా మేకునుంచి పొడవెంత, అడ్డమెంత, లోతెంత అని కొలిచి, పొర అంకెతో సహా లేబిలు రాసి పొట్లం కట్టాలి. కుండపెంకులకు పొరకొక సంచి.

ఆ రోజు గచ్చు దగ్గరకు వచ్చాం. ఒక మూల అది పగిలిపోయి వుంది. గచ్చుమీది మట్టి ఒకతను తీస్తున్నాడు. పగిలిన చోట అడుగుమట్టి ఇంకొకతను తీస్తున్నాడు. నేను వాళ్ళకు వీపు పెట్టి గట్టుమీది పొరల బొమ్మ గీసుకుంటున్నాను. ఇద్దరూ ఒకే గంప నింపారు.

అవ్వ గంప ఎత్తుకుని నాలుగడుగులు వేసి దించింది.

“బాబూ, ఈ బిళ్ళ చూడు. ఇంత లేదు, బరువు మాత్రం వుంది.”

కుంచెతో దులిపాను. సీసపు నాణెం! బూడిదరంగు తుప్పు కింద తొండమెత్తిన ఏనుగు మసకమసకగా కనిపించింది. నా సంతోషం ఇంతా అంతా కాదు. మేకు దగ్గర టేపు పట్టుకుని నిలబడ్డాక తెలిసింది, కొలవడానికి చోటేదీ లేదని. ఇది గచ్చు మీదదా, కిందదా? కింద దొరికితే, ఆ నాణెం చేతులు మారిన తర్వాతనే ఆ ఇల్లు కట్టారన్నమాట. మీద దొరికితే ఇల్లు అంతకుముందుదే కావచ్చు. తవ్విన వాళ్ళిద్దరినీ అడిగాను. ఇద్దరూ చూడలేదన్నారు. వాళ్ళ తప్పేముంది? చూడవలసినవాణ్ణి నేను.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. లేబిలుమీద పెన్సిలుతో “3” అని వేశాను. గచ్చు మీది పొర అది. ఎవరు చూడవచ్చారు!

సాయంత్రం మా పై అధికారి వచ్చి పొట్లాలు విప్పి చూశారు.

“పై పొరలో దొరికిందా? నువ్వు చూశావా?”

నా నోట మాట రాలేదు.

“అయితే రబ్బరు తీసుకోవోయ్. ఇంకోచోటయితే ఎవరో ఒకరు వచ్చి పక్కన మళ్ళీ తవ్వి నీ తప్పు దిద్దుతారు. ఇక్కడ మన తర్వాత వచ్చేది కృష్ణ. నువ్వు అబద్ధం రాస్తే దిద్దేవాడు ఇక పుట్టడు.”

చెరిపి, “కలిసిన మట్టి. పొర తెలియదు” అని రాశాను. అంత చక్కని నాణెం ఏ ఇంటికీ చెందకుండా అనాథ అయిపోయింది.

మర్నాడు పనికి వచ్చేసరికి అవ్వ రెండు గంపలు తెచ్చి పెట్టింది. ఒకదాని చెవికి ఎర్రగుడ్డ పీలిక కట్టి వుంది.

“గుడ్డ గంప పైమట్టికి, ఉత్త గంప కిందమట్టికి. ఇక తప్పు రాదు బాబూ.”

నేను లేబిలు రాసుకుంటుంటే పక్కన కూచుని అడిగింది: “మా గుడిసె కూడా మునిగిపోతుందంట. అదెక్కడుందో రాసుకుంటావా?”

నా పుస్తకంలో అలాంటిదానికి గడి లేదు. నవ్వి వూరుకున్నాను.

1967లో జలాశయంలోకి నీళ్ళు వచ్చాయి. అంతకుముందే 9 కట్టడాలను రాయి రాయి విప్పి కొండమీద తిరిగి నిలబెట్టారు. మరికొన్నిటిని కృష్ణ ఒడ్డున అనుపులో కట్టారు. మ్యూజియంలో అద్దాల వెనక నాణేలు చూసినప్పుడల్లా నాకు ఆ రబ్బరు జ్ఞాపకం వస్తుంది.

నేను తవ్విన ఇల్లు నీళ్ళ అడుగున ఏ మూల ఎంత లోతున వున్నదో కాగితాల్లో వుంది. అవ్వ గుడిసె ఏ కాగితంలోనూ లేదు. మా ట్రెంచికి ఉత్తరంగా, ఏటివైపు పోయే బండిదారి పక్కన, జంట చింతచెట్ల కింద వుండేది. అరవై ఏళ్ళు దాటాక ఇప్పుడు రాస్తున్నాను. ఇది మాత్రం నేను కళ్ళారా చూసినదే.