తాళంచెవీ – సూచికా

గ్రంథాలయ శాస్త్రంలో పట్టా పుచ్చుకొన్న నా పూర్వవిద్యార్థిని ఒకామె సంక్రాంతికి ఊరికి వచ్చి, నన్ను చూడవచ్చింది. మాటల నడుమ, "మేష్టారూ! పట్టా లేనివారే గ్రంథాలయాలు నడిపేయగలిగితే నేను ఇన్నేళ్లు చదివినది దేనికండీ?" అని అడిగింది. అప్పటికేదో సర్దిచెప్పి పంపాను. కాని ఆ ప్రశ్న నన్ను వదలలేదు. దానిలో నా తప్పిదం కూడా ఒకటి దాగి ఉన్నది.

నేను భాషాప్రవీణ చదివే రోజుల్లో, విజయనగరానికి చేరువలోని ఒక శాఖా గ్రంథాలయంలో ఒక సహాయకుడు ఉండేవాడు. తలుపులు తీయడం, బల్లలు తుడవడం, పత్రికలు సర్దడం అతని ఉద్యోగం. నేనొక ప్రబంధవ్యాఖ్య కోసం అరలన్నీ గాలిస్తుంటే, "పైవరసలో ఎతుకుతున్నావేటి బాబూ? అదక్కడ నేదు. కింద అరలో అట్ట ఊడిపోయింది సూడు" అన్నాడు. పుస్తకం అక్కడే ఉన్నది! ఏ పాఠకునికి ఏది రుచిస్తుందో కూడా అతనికి తెలుసు. అతడు పదవీవిరమణ చేసిన పిమ్మట ఆ పుస్తకాలన్నీ ఆ అరలలోనే ఉన్నాయి. మాకు మాత్రం దొరకడం మానేశాయి.

ఆ అనుభవం నుండి నేను నేర్చుకోవలసినది నేర్చుకోలేదు. ఉన్నత పాఠశాలలో తెలుగు పండితునిగా చేరాక, మన బడులలో ఆనవాయితీ ప్రకారం, గ్రంథాలయ బాధ్యత నా మెడకే చుట్టుకొన్నది. బీరువాల తాళంచెవులు ఏళ్ల తరబడి నా వద్దనే ఉన్నాయి. దస్త్రంలో వరుససంఖ్యలే తప్ప విషయ విభజన లేదు. కళ్లు మూసుకొని ఏ పుస్తకమైనా తీయగలనని లోలోపల గర్వపడేవాడిని. విరమణానంతరం ఒకనాడు బడికి వెళ్లాను. వ్యాసరచన పోటీకి గురజాడవారిపై పుస్తకం అడిగిన పిల్లవానికి అంతకుముందు రోజే 'లేదు' అని చెప్పి పంపివేశారట. నేను బీరువా తెరిచి తీసి ఇచ్చాను. నా స్థానంలో వచ్చిన ఉపాధ్యాయుడు మృదువుగానే, "ఇక్కడున్నదని మీకు తెలుసు మేష్టారూ, మాకెలా తెలుస్తుంది?" అన్నాడు. నేను బదులు చెప్పలేకపోయాను. పోటీ అప్పటికే అయిపోయింది.

పట్టా లేకపోవడం నా దోషం కాదు. నాకు తెలిసినది కాగితం మీద పెట్టకపోవడమే నా దోషం.

శియాళి రామామృత రంగనాథన్ గారు 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా చేరేనాటికి గణితోపాధ్యాయులే; గ్రంథాలయ శిక్షణ వారికి లేదు. అటుపిమ్మట ఇంగ్లండుకు వెళ్లి నేర్చుకొని వచ్చారు. 1931లో పంచసూత్రాలను, 1933లో ద్విబిందు వర్గీకరణను లోకానికి అందించారు. పాఠకుని కాలాన్ని ఆదా చేయాలన్నది ఆ అయిదింటిలో నాలుగవది. నా బీరువా ఎదుట ఆ పిల్లవాడు పోగొట్టుకొన్నది సరిగ్గా ఆ కాలమే.

మన శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు కూడా విశాఖపట్నంలో లెక్కల ఉపాధ్యాయులుగా పనిచేసినవారే. అచ్చయిన తెలుగు కథలన్నింటినీ ఒకచోట చేర్చాలన్న సంకల్పంతో 1997 ఫిబ్రవరి 22న కథానిలయాన్ని ప్రారంభించారు. వారు కథలను సేకరించి ఊరుకోలేదు. ఏ కథ ఎవరిది, ఏ పత్రికలో ఎప్పుడు వచ్చిందో జాబితాలు కట్టించారు. ఆ వివరాలు నేడు అంతర్జాలంలోకి కూడా చేరాయి. మాస్టారు 2021 జూన్ 4న కన్నుమూశారు. అయినా ఒక కథ కోసం వెతికేవారికి దారి మూసుకుపోలేదు. నేను బడి నుండి వచ్చేయగానే మూసుకుపోయిన దారి అది.

అయితే, పట్టా ఒక్కటే చాలునా? చాలదు. "మా అమ్మ చిన్నప్పుడు చదివిన కథండీ, అందులో ఒక ఆవు చచ్చిపోతుంది" అని వచ్చే పాఠకునికి వర్గసంఖ్య తెలియదు. అతనిని పుస్తకం దాకా నడిపించేది ఏళ్ల తరబడి అరల మధ్య తిరిగిన మనిషి. ఆ మనిషి జ్ఞానానికి మన కార్యాలయాలలో హోదా లేదు, జీతంలో లెక్క లేదు. అతడు వెళ్లిపోయేనాడు శాలువా కప్పుతాం; తెలిసినదేమిటో అడిగి రాసుకోము.

మొన్న ఆ అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను: "అమ్మా! నీ చదువు వృథా కాదు. ఒకరి తలలో ఉన్నదాన్ని పదిమందికి దొరికేలా అమర్చడమే నీ విద్య. ఉద్యోగంలో చేరిన మొదటివారం అక్కడి పాత సహాయకుని పక్కన కుర్చీ వేసుకొని కూర్చో. ఆయన చెప్పినది రాసుకో. రాసిన చోట ఆయన పేరు కూడా రాయి."

ప్రధానోపాధ్యాయుల అనుమతితో నేనిప్పుడు ప్రతి శనివారం బడికి వెళ్లి ఆ బీరువాలలోని పుస్తకాలకు విషయసూచిక రాస్తున్నాను. రెండవ బీరువా సగంలో ఉన్నాను.

స్వస్తి.