కొండ దారిలో ఒక లెక్క

రోజుకు 60, 70 వేలమంది కొండకు వచ్చే ఊరు మన తిరుపతి. 1944లో మొదటి ఘాటురోడ్డు, 1974లో రెండవది వచ్చాక కొండ అందరికీ దగ్గరయింది. మంచిదే. మెట్లెక్కలేని ముసలివాళ్లు, చంటిబిడ్డల తల్లులు స్వామిని చూడగలుగుతున్నారు. అయితే ఇంతమంది రాకపోకలవల్ల గాలికి పడే భారమెంత?

కొండమీద మంచి పనులు జరక్కపోలేదు. అన్నదానం వంటకు ఎండతో ఆవిరి పుట్టించే ఏర్పాటు 2002లోనే చేశారు. 2022 సెప్టెంబరు నుంచి ఘాటురోడ్డుమీద ఆర్టీసీ కరెంటు బస్సులు తిరుగుతున్నాయి. హాస్టల్లో ఈ మాట వచ్చినప్పుడు ఒక మిత్రుడు, "కరెంటు బస్సులు వచ్చేసినాయి గదప్పా, ఇంకేం బాధ నీకు?" అన్నాడు. సైన్సు చదివేవాణ్ణి గనక కాగితం, పెన్నూ తీశాను.

లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు, డీజిలయితే 2.7 కిలోలు వస్తుంది. లీటరు బరువు కిలో అయినా లేదే అనకండి; మిగతా బరువు గాలిలోని ఆక్సిజన్‌ది. డీజిల్ బస్సు లీటరుకు 4 కిలోమీటర్లు నడుస్తుందనుకుందాం. కొండకు పోయి రావడానికి 40 కిలోమీటర్లు, 10 లీటర్లు, 27 కిలోలు. 40 మంది పంచుకుంటే తలకు కిలో కూడా లేదు. కరెంటు బస్సు మిగిల్చేది అంతే. ఆ కరెంటు బొగ్గుతో పుట్టిందయితే ఇంకా తక్కువ.

అదే హైదరాబాదు నుంచి, 560 కిలోమీటర్లు, నలుగురు కారులో వచ్చిపోతే? లీటరుకు 15 కిలోమీటర్ల లెక్కన తలకు 43 కిలోలు. ఒక్కడే వస్తే 172. నిండిన బస్సులో 19. రైల్లో ఇంకా తక్కువ.

మరి కొండమీది పనులు వృథానా? కానే కావు. పొగ తగ్గితే శేషాచలం అడవికీ, అక్కడ బతికే మనుషులకూ మేలు. ఆ మేలు కిలోల్లో తూగదు. కానీ దాన్ని చూపించి దూరప్రయాణపు పొగను మాఫీ చేసుకోవడం, హుండీలో రూపాయి వేసి ఊళ్లో అప్పు తీరిందనుకోవడమే.

2021 నవంబరు వానలు మనకింకా గుర్తే. స్వర్ణముఖి పొంగింది. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కిందిపల్లెలు ఖాళీ చేయించారు. డిసెంబరు 1న కొండచరియలు ఘాటురోడ్డుమీదే పడ్డాయి. ఆ వానకు ఫలానా కారు కారణమని సైన్సు చెప్పదు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటిఆవిరిని పట్టుకోగలదనీ, కుంభవృష్టికి అవకాశం పెరుగుతుందనీ చెబుతుంది. అదను తప్పిన వాన ఏంచేస్తుందో వేరుశనగ వేసే ఇళ్లవాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు.

కొండకు రావద్దని చెప్పే హక్కు నాకు లేదు; చెబితే మా అవ్వే ఊరుకోదు. ఎట్లా వస్తున్నామన్నదే నా ప్రశ్న. మా నాయన ఎప్పుడూ అనేమాట ఒకటుంది: "బస్సు ఎట్లాగూ పోతావుంది గదా, మనకు వేరే బండి యాలరా?" నా లెక్కంతా ఆ మాటలోనే ఉంది.

సోదర విద్యార్థులారా, మన యూనియన్ విజ్ఞానయాత్రలకు కూడా ముందు ఈ లెక్క వేద్దాం. రైలున్నచోటికి రైల్లో పోదాం. బస్సయితే సీట్లు నిండాకే కదిలిద్దాం. తిరిగొచ్చి చెట్లు నాటుదాం, చెరువుల్లో పూడిక తీద్దాం. అయితే ఈ పని ఆ పనికి బదులు కాదు. రెండూ చేయాల్సిందే.