బల్లమీద రెండు పెన్నులు

నా బల్లమీద ఇప్పుడు రెండు పెన్నులు వుంటున్నాయి. ఒకటి మా నాన్నగారిది, రాజమండ్రి రత్నం పెన్ను. స్వదేశీ ఉద్యమం రోజుల్లో ఆ పెన్నులు చేయడం మొదలుపెట్టిన రత్నంగారికి గాంధీగారు 1935లో మెప్పుజాబు వ్రాశారు. ఆ సంగతి నాన్నగారు ఇంటికి వచ్చినవారి కందరికీ చెప్పేవారు. ఎంత గర్వంగా చెప్పేవారంటే, జాబు వచ్చింది మా నాన్నగారికే నేమో అని విన్నవారు అనుకొనేవారు. రెండో పెన్ను డాక్టరుగారి ప్రసాదం. అందులో సిరా వుండదు, ఇన్సులిన్ వుంటుంది. మొదటిదానితో విద్యార్థుల జవాబు పత్రాలు దిద్దుతాను. రెండోదానితో ఉదయం, రాత్రి పొట్టలో పొడుచుకొంటాను.

ఒకనాడు తొందరలో సిరాపెన్ను మూత తీసి, చొక్కా పైకెత్తి కూర్చున్నాను. మా ఆవిడ చూసి, "ఆగండి! కవిత్వం ఎక్కించుకొంటే తగ్గే జబ్బు కాదది," అన్నది. ఆ పూట నవ్వుకొంటూనే ఆమె మరొక మాట అడిగింది: "ఏమండీ, ఈ మందు ఎవరు కనిపెట్టారు? ఆ మహానుభావుడికి రోజూ ఓ దణ్ణం పెట్టుకొంటాను."

తెలుగు లెక్చరరుకు తెలియదని చెప్పుకోవడం నామోషీ. "కెనడావాడు, బాంటింగ్ అని," అని అప్పటికి గట్టెక్కాను. కాని దణ్ణం సరైన చిరునామాకు చేరుతున్నదో లేదో చూద్దామని పుస్తకాలు తిరగవేయడం మొదలుపెట్టాను. అవి నన్ను తీసుకొనిపోయి బుకారెస్టులో దింపాయి.

రుమేనియా పేరు నేను మొదట విన్నది ఎం.ఏ. తరగతిలో. నాసదీయ సూక్తం సంగతి వచ్చినప్పుడు మా మాస్టారు, ఆ సూక్తపు నీడ దూరదేశపు మహాకవి ఒకరి మీద పడిందని చెప్పారు. ఆయన మిహాయి ఎమినెస్కు (1850-1889). బెర్లిన్‌లో చదువుకొంటూ సంస్కృతం మీద మక్కువ పడ్డాడు. బాప్ పండితుడి సంస్కృత వ్యాకరణంలో కొంత భాగాన్ని తన భాషలోకి దించాడు. 1881లో వెలువడిన ఆయన కావ్యం ఒకదానిలో సృష్టికి ముందటి స్థితిని వర్ణించే ఘట్టానికి ఋగ్వేదమే మూలమని పండితులు అంటారు. కలకత్తానుంచి వెళ్ళిన అమితా బోస్ అనే విదుషి ఆ సంబంధం మీదనే పరిశోధన చేసి, బుకారెస్టులో సంస్కృతం బోధిస్తూ 1992లో అక్కడే కన్నుమూశారు. ఆ దేశంలో జనం రెండు కోట్ల లోపు. మన రెండు తెలుగు రాష్ట్రాల జనంలో నాలుగో వంతు కూడా లేరు. అటువంటి దేశంలో మన సూక్తాన్ని చదివినవా డున్నాడన్న సంగతి నాకు అప్పట్లో ఎంతో తియ్యగా తోచింది. తరవాత మరిచిపోయాను. ఇరవై ఏళ్ళు గడిచాక ఆ దేశం పేరు ఇలా మందుపెన్ను దగ్గర మళ్ళీ ఎదురైంది.

నికొలాయె పావులెస్కు (1869-1931) బుకారెస్టులో శరీరధర్మ శాస్త్రాచార్యుడు. వైద్యం పారిస్‌లో చదివాడు. క్లోమం నుంచి తీసిన రసంతో మధుమేహం వున్న కుక్కల నెత్తురులో చక్కెర తగ్గించవచ్చునని పట్టుకొన్నాడు. ఇంతలో మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది; 1916లో జర్మన్లు బుకారెస్టును ఆక్రమించారు; పని ఆగిపోయింది. యుద్ధం ముగిశాక మళ్ళీ మొదలుపెట్టి 1921 ఏప్రిల్‌లో ఫలితాలు సభకు సమర్పించాడు. ఆగస్టులో పెద్ద వ్యాసం ఫ్రెంచిలో అచ్చయింది. ఆ రసానికి 'పాంక్రియీన్' అని పేరు పెట్టాడు. టొరంటోలో బాంటింగ్, బెస్ట్‌ల మొదటి వ్యాసం అచ్చయింది 1922 ఫిబ్రవరిలో. నోబెల్ బహుమతి 1923లో బాంటింగ్‌కు, ఆయన పనిచేసిన ప్రయోగశాల అధిపతి మక్లియోడ్‌కు వచ్చింది. పావులెస్కు మొరపెట్టుకొన్నాడు. ఎవరూ వినలేదు.

ఇందులో నా వంటివాడికి నిద్రపట్టనివ్వని సంగతి ఒకటి వుంది. టొరంటోవారు తమ వ్యాసంలో పావులెస్కు పేరు చెప్పనే చెప్పారు. కాని ఆయన ఫలితం వున్నదని వ్రాసినచోట, వీరు ఫలితం లేదన్నాడని వ్రాశారు. అనువాదంలో పొరపాటు! 1969లో బెస్ట్, వృద్ధాప్యంలో, ఒక రుమేనియా ఆచార్యునికి జాబు వ్రాస్తూ, తమకు వచ్చిన కొద్దిపాటి ఫ్రెంచితో సరిపెట్టుకొన్నామో, అనువాదం చేయించుకొన్నామో గుర్తులేదనీ, అనువాదంలో తప్పు దొర్లిందనీ, అందుకు విచారిస్తున్నాననీ ఒప్పుకొన్నాడు. అప్పటికి పావులెస్కు పోయి ముప్పయ్యెనిమిది సంవత్సరాలు. 'వ్యతిరేకార్థకంలో తప్పు చేస్తే ఏమవుతుంది మాస్టారూ, ఒక్క మార్కేగా పోయేది' అనే మా పిల్లలకు నేను చెప్పదలచుకొన్న జవాబు ఇదే.

పాఠకులు మన్నించాలి, ఇక్కడ నా సొంత గోడు కొంచెం. ఎం.ఫిల్. చేసే రోజుల్లో నేను కోనసీమ ఊళ్ళు తిరిగి తిరగలి పాటలు సేకరించాను. ఒక పెద్దమనిషి 'చూసి ఇస్తాను' అని నా నోటుపుస్తకం తీసుకొన్నారు. రెండేళ్ళకు ఆయన పుస్తకం వచ్చింది. అందులో నా పాటలు ఇరవైరెండు. నా పేరు సున్న. పీఠికలో కూడా లేదు. పదిహేనేళ్ళుగా ఆ ముల్లు లోపలే వుంది. పావులెస్కు కథ చదవగానే ఆయన నాకు పెద్దన్నయ్యలాగా కనబడ్డాడు.

అంతే, పూనకం వచ్చింది. కాలేజీ వారోత్సవాలలో మాట్లాడమంటే, 'పేరు దక్కనివారు' అనే విషయం ఇచ్చాను. ఒక్క రుమేనియానుంచే సంచీ నిండింది. త్రయాన్ వుయా 1906 మార్చి 18న పారిస్ దగ్గర మోంటెసన్‌లో తన యంత్రాన్ని దాని చక్రాలమీదనే పరుగెత్తించి, సొంత ఇంజను బలంతో నేలనుంచి సుమారు ఒక మీటరు లేపి, పన్నెండు మీటర్లు ఎగిరించాడు. ఆ యేటి చివర ఐరోపా చప్పట్లు కొట్టింది మాత్రం సాంతోస్ ద్యూమోఁకు. హెన్రి కోండా 1910లో పారిస్ ప్రదర్శనలో ముందు పంకా లేని విమానాన్ని నిలిపాడు. ఆయన పేరు తెలియకపోయినా ఆయన సూత్రం మీ వంటింట్లోనే వుంది. కుళాయి ధారకు చెంచా వీపు తాకించండి. ధార నిటారుగా పడక, చెంచా వంపును అంటుకొని పక్కకు తిరుగుతుంది. దానినే కోండా ప్రభావం అంటారు.

అన్నిటికన్న నన్ను ముచ్చటపరిచినవాడు పెత్రాకె పొయెనారు (1799-1875). పారిస్‌లో ప్రభుత్వపు వేతనంమీద చదువుకొంటున్న కుర్రవాడు. తరగతిలో నోట్సు వ్రాసుకొనేటప్పుడు మాటిమాటికీ కలం సిరాబుడ్డిలో ముంచవలసి రావడం చిరాకనిపించింది. తనలోనే సిరా దాచుకొని తానే పాళీకి అందించుకొనే కలం చేశాడు. 1827 మే 25న ఫ్రెంచి ప్రభుత్వం దానికి పేటెంటు ఇచ్చింది. అటువంటివాటికోసం ఆయనకు ముందూ ప్రయత్నించినవా రున్నారు. లోకమంతా ఎరిగిన పేరు మాత్రం 1884లో పేటెంటు పొందిన అమెరికావాడు వాటర్‌మన్‌ది. అంటే నా బల్లమీది రెండు పెన్నుల వంశవృక్షాలలోనూ బుకారెస్టు వుంది. రెండిటిలోనూ ఆ పేరు వేరుల దగ్గరే మట్టిలో వుండిపోయింది! ఉపన్యాసానికి ఇంతకన్న ముగింపు ఏం కావాలి?

సభ రేపనగా ఉపన్యాసం కాగితాలు మా చరిత్ర లెక్చరరు అమ్మాయికి చూపించాను. చదివి, మొగమాటంగా, "మాస్టారూ, పావులెస్కు వైద్యం కాక ఇంకా ఏం వ్రాశాడో చూశారా?" అన్నది.

చూడలేదు. ఆ రాత్రి చూశాను. ఆయన యూదులమీద విషం కక్కుతూ పుస్తకాలు వ్రాశాడు. 1922లో ఆ ద్వేషమే సిద్ధాంతంగా ఒక రాజకీయ పక్షాన్ని స్థాపించినవారిలో ఆయనా వున్నాడు. రెండో ప్రపంచయుద్ధకాలంలో రుమేనియా ఏలుబడిలోని నేలమీద 2,80,000 నుంచి 3,80,000 మంది వరకు యూదులు హతులయ్యారని 2004లో చరిత్రకారుల సంఘం తేల్చింది. అప్పటికి పావులెస్కు బ్రతికి లేడు, నిజమే. కాని ఆ పంటకు విత్తు చల్లిన చేతులలో ఆయన చెయ్యీ వుంది. 2003లో పారిస్ ఆసుపత్రి ఒకదానిలో ఆయన విగ్రహం పెట్టబోయి, ఈ కారణంచేతనే మానుకొన్నారు.

ఆ రాత్రే టొరంటో వైపు కథ కూడా శ్రద్ధగా చదివాను. పావులెస్కు కుక్కల దాకా వచ్చాడు. 1922 జనవరిలో లియోనార్డ్ థాంప్సన్ అనే పధ్నాలుగేళ్ళ పిల్లవాడికి టొరంటోలో మొదటిసారి ఎక్కించిన మందు సరిగా పనిచేయలేదు. కాలిప్ అనే రసాయనజ్ఞుడు పగలూ రాత్రీ కూర్చుని దానిని శుద్ధిచేశాడు. పన్నెండు రోజుల తరవాత ఎక్కించినది పనిచేసి, పిల్లవాడు తేరుకొన్నాడు. పేటెంటును తలా ఒక డాలరు తీసుకొని విశ్వవిద్యాలయానికి ఇచ్చివేశారు. బాంటింగ్ తన బహుమతి డబ్బులో సగం బెస్ట్‌కు ఇచ్చాడు. మక్లియోడ్ తన సగం కాలిప్‌కు ఇచ్చాడు. దొంగలని నేను వ్రాసిపెట్టుకొన్నవారు నాకు మందు అందించినవారు. కోండా సంగతీ అంతే. తన విమానం 1910లోనే ఎగిరిందని ఆయన ఎన్నో ఏళ్ళ తరవాత చెప్పుకొన్నాడు. చరిత్రకారులు చాలామంది ఒప్పుకోరు.

సభలో ఏం మాట్లాడాలో తోచలేదు. ఒంట్లో బాగులేదని చెప్పి తప్పుకొన్నాను. మధుమేహం ఈ విషయంలో మహోపకారి, ఎవరూ అనుమానించరు.

కాని రుమేనియా నన్ను వదలలేదు. పొయెనారు తరవాత ఏమయ్యాడని వెదికితే, పేటెంటు పుచ్చుకొని ఆయన ఏ కోర్టుకూ ఎక్కలేదు. ఊరికి తిరిగివచ్చి బడిపంతులయ్యాడు! బుకారెస్టులో సెయింట్ సావా కళాశాల నడిపాడు. దేశంలో బడులు పెట్టించడంలో, కొత్త కొలతలు తూనికలు తెప్పించడంలో జీవితం గడిపాడు. మరొకాయన, యాష్ నగరంలో పుట్టి 1946లో అమెరికా వెళ్ళిన జార్జి పలాడె, క్లోమ కణాలను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూస్తూ ప్రొటీను కణంలో ఎక్కడ పుట్టి ఏ దారిన బయటికి వస్తుందో కనిపెట్టాడు. 1974 నోబెల్ బహుమతి ఆయనకు, మరి ఇద్దరికి కలిపి వచ్చింది. నాలో సరిగా సాగని వ్యవహారమే అది!

చివరికి శిల్పి బ్రంకూషి దగ్గర ఆగిపోయాను. 1876లో హోబిత్స అనే పల్లెలో పుట్టి, పారిస్ చేరి, రోదేఁ మహాశిల్పి శిల్పశాలలో చోటు దొరికినా కొద్దికాలానికే బయటికి వచ్చినవాడు. మహావృక్షం నీడలో ఏదీ పెరగదని ఆయన ఉద్దేశం. 1926లో ఆయన చేసిన పక్షి శిల్పం న్యూయార్కు చేరితే సుంకం అధికారులు అది కళ కాదు, లోహపు సరుకు అని నూటికి నలభై వంతున పన్ను వేశారు. రెండేళ్ళు వ్యాజ్యం నడిచాక, కళే నని 1928లో తీర్పు వచ్చింది. ఆ పక్షులనే చూసి మురిసిన ఇందూరు మహారాజు హోల్కరు ఆలయం కట్టించాలని ఆయనను రప్పించాడు. 1938 మొదట్లో బ్రంకూషి ఇందూరులో వున్నాడు. ఆలయం మాత్రం లేవలేదు.

ఆ యేడే ఆయన స్వస్థలం దగ్గర తిర్గు జియు పట్టణంలో మరొకటి లేచింది. మొదటి యుద్ధంలో చనిపోయినవారి జ్ఞాపకార్థం పోత ఇనుముతో, ఇత్తడి పూతతో, దిమ్మెమీద దిమ్మెగా సుమారు 29 మీటర్ల 'అంతులేని స్తంభం'. దానికి ఆయన పారితోషికం తీసుకోలేదు. 1950లలో అక్కడి ప్రభుత్వం దానిని పడగొట్టి పాత ఇనుము కింద వేయాలని చూసింది, స్తంభం పడలేదు. 1951లో ఆయన తన శిల్పాలు ఇస్తానంటే స్వదేశం వద్దన్నది. మరుసటి యేడు ఆయన ఫ్రెంచి పౌరుడయ్యాడు. ఆ స్తంభాన్నీ, దానితోపాటు అక్కడే వున్న ఆయన ఇతర శిల్పాలనూ ప్రపంచ వారసత్వంగా 2024 జూలైలో గుర్తించారు. గుర్తించిన సభ జరిగింది మన ఢిల్లీలోనే.

ఆ స్తంభం ఫొటో చాలాసేపు చూశాను. శిల్పి పేరు కాదు, చనిపోయినవారి పేర్లు కూడా దానిమీద లేవు. ఎవరికోసం నిలబెట్టాడో వారిని ఒక్కనాడూ మరిచిపోకుండా నిలబెట్టాడు. చూస్తూ చూస్తూ వుండగా నాకు ఉన్నట్టుండి వేరొక సంగతి తట్టింది. వెంటనే బీరువా తెరిచి నా పాత సిద్ధాంతగ్రంథం తీశాను. పెద్దమనిషి ఎత్తుకొనిపోయిన ఆ ఇరవైరెండు పాటలకూ నేను అడుగున వ్రాసినది ఇది: 'పాడినవారు: ఒక వృద్ధురాలు.'

మూడు రోజులు ఆమె అరుగుమీద కూర్చుని పాటలు వ్రాసుకొన్నాను. మూడు పూటలా అన్నం పెట్టింది. పేరు అడగలేదు. 'మామ్మగారూ' అన్నాను, సరిపోయింది. ఆ పాటలు నావని పదిహేనేళ్ళు ఏడ్చాను!

పోయిన ఆదివారం ఆ ఊరు వెళ్ళాను. ఆమె కాలంచేసి తొమ్మిదేళ్ళయిందట. మనవరాలు పేరు చెప్పింది. ఒక పాట కూడా పాడి వినిపించింది. నేను వ్రాసుకొన్నదానిలో రెండుచోట్ల తప్పు. పేరు పత్రికలో వేయవచ్చునా అని అడిగాను. "ముందు పాటల పక్కన వేయండి బాబుగారూ, కథల పక్కన తరవాత చూద్దాం," అన్నది.

రాత్రి నాన్నగారి పెన్నులో సిరా నింపి కూర్చున్నాను. ఇరవైరెండు చోట్ల 'ఒక వృద్ధురాలు' కొట్టివేసి పేరు వ్రాయాలి. పదకొండోదాని దగ్గర వుండగా మా ఆవిడ గుమ్మంలోకి వచ్చి, "అన్నం వడ్డించేశాను. ఆ పెన్ను కిందపెట్టి రెండోది తీయండి," అన్నది.

"దణ్ణం ఎవరికి పెట్టాలో అడిగావుగా. చాలామంది తేలారు," అన్నాను.

"అందరికీ కలిపి ఒకటే పెడతాను లెండి. ముందు పొడుచుకోండి," అన్నది.