పక్కింటికి కబురు

ఓర్వకల్లులో ఆ ఇంటాయన గుండెనొప్పితో కర్నూలు వెళ్లి, స్టెంటు వేయించుకుని వచ్చి నెల దాటింది. ఆయన కోలుకున్నాడు. దిగులంతా ఇప్పుడు ఇంటావిడదే. పొదుపు సంఘం లెక్కలు పైసా తేడా రాకుండా చూసే మనిషి, రాత్రిళ్లు నిద్రపోతున్న కొడుకు వంకే చూస్తూ కూర్చుంటోంది.

"నాయనకొచ్చింది వీడికీ వస్తాదా పాపా?" అని ఓ సాయంత్రం కూతురిని అడిగింది. ఆ అమ్మాయి బయోటెక్నాలజీ చదువుతోంది.

"వంశం ఒక్కటే కాదు మ్మా, అలవాట్లు కూడా చూడాల" అంటూ కాగితం మీద రక్తనాళం బొమ్మ గీసింది.

జాకెట్టుకు లైనింగులా నాళం లోపల ఒకే వరుస కణాలుంటాయి. వాటి వెనక కండర కణాలు. మన డీఎన్‌ఏలో ప్రొటీన్ల తయారీకి నేరుగా పనికొచ్చేది 2 శాతం కూడా లేదు. మిగతాదాన్ని ఒకప్పుడు చెత్త అనేవారు. ప్రొటీన్‌గా మారని ఆర్‌ఎన్‌ఏలు ఎన్నో పుట్టేది అందులోంచే. వాటిలో చిట్టివి మైక్రో ఆర్‌ఎన్‌ఏలు. ఏ ప్రొటీన్‌ ఎంత తయారవ్వాలో అదుపు చేయడం వాటి పని. 1993లో ఓ చిన్న పురుగులో బయటపడిన ఈ సంగతికే ఆంబ్రోస్‌, రవ్‌కన్‌లకు 2024లో నోబెల్‌ వచ్చింది.

లోపొర కణాల్లో ఉండే 126వ నంబరు మైక్రో ఆర్‌ఎన్‌ఏ లేకుండా చేస్తే ఎలుకల నాళాల్లోంచి రక్తం కారిందని 2008లో తేలింది. రక్తం సాఫీగా పారుతుంటే లోపొర కణాలు 143, 145 నంబర్లవాటిని చిన్న సంచుల్లో పెట్టి కండర కణాలకు పంపుతాయని 2012లో జర్మనీ శాస్త్రవేత్తలు చూపించారు. అవి అందితే కండర కణాలు అదుపులో ఉంటాయి. నాళం చీలే చోట రక్తం సుడి తిరుగుతుంది. అక్కడ ఈ కబురు తగ్గుతుంది. కొవ్వు ఎక్కువగా పేరుకునేదీ అక్కడే.

"మా సంఘం మాదిరే! పక్కింటికి కబురు పోకపోతే లెక్క తప్పుతాది" అంది తల్లి.

"అంతే మ్మా. పొగ తాగినా, బీపీ, షుగరు పెరిగినా ముందు దెబ్బ తినేది ఈ లోపొరే."

"మందుందా?"

"ఈ కబుర్లను సరిచేసే మందు ఇంకా అంగట్లోకి రాలేదు మ్మా."

గడపలో కూర్చున్న కొడుకు జేబులోని సిగరెట్‌ పెట్టెను తడుముకున్నాడు. "రేపట్నుంచి నాయనతో నేనూ నడుస్తా" అన్నాడు.

తెల్లారి ఆమె లేచేసరికి వాకిట్లో రెండు జతల చెప్పులు లేవు. సిగరెట్‌ పెట్టె సంగతి మాత్రం ఆమె ఇంకా అడగలేదు.