విఱిగిన కీలు

మరిపెడవారమైన మాకు నీరనిన ఆకేరు వాగును, ఊరి చెఱువును మాత్రమే. తెరచాప పడవను మేమిద్దరన్నదమ్ములము మొట్టమొదట చూచినది హైదరాబాదులోని హుస్సేనుసాగరమున. ఇబ్రాహీం కుతుబ్ షా కాలమున, 1562 ప్రాంతమున త్రవ్వింపబడిన ఆ తటాకములో మా మేనమామగారికి ఒక పాత పడవ యుండెను. అది ఎంటర్‌ప్రైజు జాతికి చెందినది. జాక్ హోల్ట్ అను ఆంగ్లేయుడు 1956లో రూపొందించిన ఈ జాతి పడవ సుమారు 4 మీటర్ల పొడవు గలది, ఇద్దరు నడుపుదురు, చాపలు నీలివర్ణములు.

పడవలో నిలువు స్తంభమునకును, చాప యడుగున నుండు అడ్డుకొయ్యకును నడుమ ఒక చిన్న కీలు కలదు. గాలి ఎటు వీచిన అటు అడ్డుకొయ్య తిరుగుటకు అదియే ఆధారము. వేసవి సెలవుల తుదిదినములలో ఒకనాడు ఆ కీలుపై వెండ్రుకవంటి బీటను మేము చూచితిమి. చెప్పినచో పడవను ఒడ్డుననే కట్టివేయుదురను భయముచే నోరు మెదపకుంటిమి.

రెండవనాడు నైరుతిగాలి విసరుగా వచ్చెను. కీలు ఫెళ్లున విఱిగి, అడ్డుకొయ్య మామగారి భుజముపై పడెను. వారొక చేతితోనే చుక్కాని పట్టి పడవను ఒడ్డు చేర్చిరి. “తప్పు నాది, బిడ్డా! ఎక్కుటకు ముందు నేను చూడవలసినది” అని వారనినపుడు మాకు అన్నము సహింపలేదు. ఆ రాత్రి జరిగినదంతయు చెప్పివేసితిమి. వారు కొంతసేపు మాటాడక, “సరే, క్రొత్త కీలు తెచ్చుట మీ పని” అనిరి.

అట్టి కీలును చేయుట మాని చాల యేండ్లైనదట, ఎచ్చటను దొరకలేదు. విఱిగిన తునుకలను గుడ్డలో మూటగట్టుకొని, నాన్నగారితో ఇంటికి మరలుచు జనగామ దగ్గఱి పెంబర్తిలో దిగితిమి. ఇత్తడిపనికి పేరుగన్న ఊరది. అచ్చటి వృద్ధశిల్పి తునుకలను త్రిప్పి చూచి, “అయ్యా, మా రేకుపని శోభకు. గాలిబరువు మోయవలసినదానిని నేను చేసి ఇచ్చిన పిల్లలకు ప్రమాదము” అని, చేతికందు బేరమును తానే వదలుకొనెను.

వరంగల్లులోని లేతుపని మేస్త్రి మాకు ఎన్నో సంగతులు తెలిపెను. మాటిమాటికి వంగు లోహములో బీట కొంచెము కొంచెముగా పెరుగును. లోపలి మూల కోసుగా నున్నచోటనే అది పుట్టును. కావున అతడు తునుకలను జతపఱచి, అట్టపై రూపు గీసి, కొలతలు తీసికొని, ఆ మూలను గుండ్రముగా మార్చి తుప్పుపట్టని ఉక్కుతో కీలు చేసెను. స్తంభము అల్యూమినియముది. రెండు లోహములు తడిలో తాకియున్నచో అల్యూమినియము తినివేయబడును గనుక నడుమ వేయుటకు నైలాను బిళ్లలను కూడ ఇచ్చెను.

దసరా సెలవులలో కీలును బిగించి, ఒడ్డుననే అడ్డుకొయ్యకు ఇసుక బస్తాలు వ్రేలాడదీసి పరీక్షించితిమి. కదలలేదు. పిదప ప్రాణరక్షక చొక్కాలు తొడిగికొని నీటిలోనికి పోయితిమి. 1990లో ఇదే నీట మునిగి, 1992లో పైకి తీయబడి ప్రతిష్ఠింపబడిన బుద్ధవిగ్రహమును దూరమునుండి చుట్టి సుఖముగా మరలితిమి.

మామగారి భుజము నయమైనది. అయినను చలిగాలికి నేటికిని నొచ్చును. పడవ ఎక్కుటకు ముందు ప్రతి కీలును తడవి చూచు పనిని వారు మాకే అప్పగించిరి. పెంబర్తి వృద్ధుడు తనచేత కానిదానిని కాదని చెప్పెను. మేము కన్నులార చూచినదానిని దాచితిమి. తోడి విద్యార్థులారా, బీటను చూచిన క్షణముననే చెప్పుడు.