ఆ నీరెక్కడిది?

మా పెద్దవదినకు అప్పటికి 54 యేండ్లు. ముట్లుడిగి నాలుగేండ్లయినది. 2022వ సంవత్సరపు వేసవిలో అటకపైనుండి ఆవకాయ జాడీలు దించుచు ఆమె రెండు మెట్లకొకసారి నిలిచిపోవుచుండెను. ముఖమును చేతులును చిక్కిపోయెను. పొట్ట మాత్రము పెరిగెను. ఒడలు తగ్గుచు పొట్ట పెరుగుట మంచి లక్షణము కాదని నే డెఱుగుదును గాని, ఆనాడు మే మందఱము "వయసుపొట్ట" యని నవ్వితిమి. నేనును నవ్వితిని. కుచ్చిళ్లు నిలుచుట లేదని ఆమె విసుగుకొనుట నాకింకను జ్ఞాపకము.

ఒక రాత్రి ఆమె పండుకొనలేక గోడకు చేరగిలబడి తెల్లవార్చెను. మఱునాడు అన్నయ్య పట్టణములోని యొక ఆసుపత్రికి తీసికొనిపోయెను. కుడి ఊపిరితిత్తి చుట్టును నీరు చేరినట్లు ఎక్స్‌రేలో కనబడెను. సూదితో లీటరున్నర నీరు తీసిరి. మన దేశములో ఎదలో నీరు చేరినదనగా వైద్యునికి మొదట తోచునది క్షయ. అది తప్పు గాదు, ఆ వ్యాధి మనలో అంత విస్తారము. కాని యా నీటిలో క్షయకు గుర్తు లేవియు కానరాకున్నను, ఎందుకైనను మంచిదని మాత్రలు మొదలుపెట్టిరి. రెండు నెలలు మూత్రము నారింజరంగున పోయెను, అన్నము సహింపదాయెను. నీరు మరల చేరెను.

ఈ రెండు నెలలలో ఆమెను పండుకొనబెట్టి పొట్టపై చేయివేసి చూచినవా రొక్కరును లేరు. ఆమెయు నోరు విప్పలేదు. పొత్తికడుపు బరువుగా నున్నదనియు, మాటిమాటికి మూత్రమునకు లేవవలసి వచ్చుచున్నదనియు నాతో ననెను గాని, మగవైద్యునితో చెప్పుటకు సిగ్గుపడెను. "ముట్లుడిగినదానికి ఇంక అక్కడ రోగమేముంటుందే, అమ్మాయీ?" అని ఆమె వాదము. అండాశయములు పని మానినను ఉన్నచోటనే యుండుననియు, వానిలో గడ్డలు ఆ వయసుననే పుట్టవచ్చుననియు నాకు మాత్ర మేమి తెలియును? నేనును ఊరకుంటిని. ఆ ఊరకుండుట నన్నిప్పటికిని బాధించును.

చివర కొక స్త్రీవ్యాధుల వైద్యురాలికి చూపితిమి. ఆమె అయిదు నిమిషములలో, బొడ్డునకు దిగువ ఎడమప్రక్కన వెలగకాయవలె గట్టిగా, చేతిక్రింద అటునిటు కదలుచున్న గడ్డను కనుగొనెను. స్కానింగులో అది ఎడమ అండాశయమునుండి పుట్టిన 14 సెంటీమీటర్ల గడ్డ యనియు, కడుపులోను నీరున్నదనియు తేలెను. పిమ్మట నెత్తురు పరీక్ష. సి.ఏ. 125 అను నొక పదార్థము సాధారణముగా 35 యూనిట్లకు లోబడి యుండవలెనట. మా వదినకు 412 వచ్చెను.

ఆ కాగితము వైద్యురాలికంటె ముందు మా మేనల్లుని ఫోనునకు చేరెను. వాడు ఆ యక్షరములను వెదకి చూచి, ఏమియు ననక బయటికి పోయెను. ఇల్లంతటికిని అర్థమైనది. రాచపుండు. ఆ రాత్రి వదిన బీరువా తెఱచి, కాసులపేరు పెద్దకూతునకు, చంద్రహారము కోడలికి, రవ్వల దుద్దులు చిన్నదానికి ఇచ్చెను. తాళపుచెవుల గుత్తి నా నడుమున దోపి, "మీ అన్నయ్యకు రాత్రిపూట మజ్జిగ మరవకు" అనెను. ఏడ్చుటకైన మాకు వ్యవధి నీయలేదు.

మఱునాడు వైద్యురాలు మమ్ము కూర్చుండబెట్టి తెల్లకాగితముపై బొమ్మ గీసెను. "మీకు అబద్ధము చెప్పను. ముట్లుడిగిన స్త్రీకి గడ్డ, రెండుచోట్ల నీరు, ఇంత పెద్ద సంఖ్య కలిసి వచ్చినపుడు పెక్కుసార్లు అది క్యాన్సరే యగును. కాని నీటిని మూడుసార్లు పరీక్షించినను క్యాన్సరు కణ మొక్కటియు లేదు. గడ్డ నున్నగా, గట్టిగా నున్నది. కడుపులో మఱెక్కడను ఏమియు లేదు. మఱియొక సంగతి కూడ కావచ్చును" అనెను.

అండాశయములో ఫైబ్రోమా యను నారగడ్డ యొకటి కలదు. అది వ్యాపింపదు, ప్రాణము తీయదు. ఆ గడ్డ గలవారిలో ఇంచుమించు నూటి కొక్కరికి మాత్రము కడుపులోను ఎదలోను నీరు చేరును. బోస్టను నగరమున జో విన్సెంట్ మీగ్స్ అను వైద్యుడు కాస్ అను సహచరునితో గూడి 1937లో ఇట్టి స్త్రీల నేడుగురను గూర్చి వ్రాసెను. అందుచే ఆయన పేరు దీనికి నిలిచెను. అంతకు 50 ఏండ్ల ముందే, 1887లో, ఫ్రాన్సులో డెమోన్స్ అను శస్త్రవైద్యుడు చెప్పియుండెను గనుక ఫ్రెంచివారు ఇద్దఱి పేర్లను జోడింతురు. గడ్డనుండి ఊరిన నీరు కడుపులో నిండి, ఎదకును కడుపునకును నడుమనున్న పొరగుండ మీదికి ప్రాకుననియు, అది చాలవఱకు కుడివైపుననే చేరుననియు పెద్దల అభిప్రాయము. మే మెదలో వెదకుచుంటిమి. ఊట పొత్తికడుపులో నున్నది. ఇక ఆ 412 సంగతి: కడుపులోని పొరలు రేగినపుడెల్ల ఆ పదార్థము పెరుగును. క్షయలో పెరుగును, గర్భమున పెరుగును, ముట్టు దినములలోను కొందఱికి పెరుగును.

ఇది చదివి, పొత్తికడుపున గడ్డ యున్న సోదరి యెవతెయు "నాదియు అట్టిదే" యని ఇంట కూర్చుండరాదు. ఆ వైద్యురాలు కూడ క్యాన్సరనియే యెంచి సర్వము సిద్ధము చేసెను.

సూది గ్రుచ్చి గడ్డనుండి ముక్క తీసి చూడరాదా యని నే నడిగితిని. ఒకవేళ క్యాన్సరే యైనచో, పొర చిల్లిపడి ఆ విత్తనములు కడుపంతయు చల్లినట్లగునట. కావున పగులకుండ మొత్తముగా తీసి, రోగి బల్లపై నుండగానే పరీక్షకు పంపుదురు. అచట దానిని గడ్డకట్టించి, పలుచని పొరగా కోసి, సూక్ష్మదర్శినిలో చూతురు. అరగంటలో జాబు వచ్చును. మిగిలిన కోత యంతయు ఆ జాబుపై నాధారపడును.

ఆ అరగంటయు అన్నయ్య గోడగడియారమును చూడలేదు, నేలను చూచుచుండెను. నేను తాళపుచెవులను లెక్కపెట్టుచుంటిని. పదునొకండు.

తలుపు తీసికొని వచ్చి వైద్యురాలు "ఫైబ్రోమా" అని యొక్కమాట చెప్పెను. అన్నయ్యకు అర్థము కాలేదు. ఆమె మరల తెలుగున చెప్పవలసి వచ్చెను. గడ్డను మాకు చూపిరి. కోసినచోట కొబ్బరివలె తెల్లగా, గట్టిగా నుండెను. వారము దినములకు వచ్చిన పూర్తి నివేదికయు ఆ మాటనే చెప్పెను. క్షయమాత్రలు మాన్పించిరి. పండ్రెండవనాటి ఎక్స్‌రేలో నీరు లేదు. ఆఱు వారములకు 412 కాస్త 18 అయినది.

ఇంటికి వచ్చిన మూడవనాడు వదిన చేయిచాచి, "ఏదీ గుత్తి?" అనెను. ఇచ్చివేసితిని. కాసులపేరును దుద్దులును వెనుకకు వచ్చినవి. చంద్రహారము మాత్రము కోడలియొద్దనే యున్నది. ఆ సంగతి యెత్తినప్పుడెల్ల అన్నయ్య పెరటిలోనికి పోవును.